రోడెల్ దాచిన ట్యూబు

జోనలిన్‌కి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: నాలుగేళ్ల కూతురు చెస్కా కూడా తనలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాల్సి వస్తుందేమోనని. పదహారేళ్లకే ముందుపళ్లు రెండు పోయాయి తనకి. పిల్ల తండ్రి మనీలా వెళ్లి మళ్లీ మొహం చూపించలేదు. ఇప్పుడు చెస్కా పన్ను మీద నల్ల చుక్క!

బ్రష్ చూస్తే చాలు, "మంటమ్మా!" అని పిల్ల పరుగు. వీధి మూల కొట్టు రోడెల్ రోజుకొకటి ఇచ్చే పొట్లంలోని పుదీనా టూత్‌పేస్టు అంత ఘాటు మరి.

హెల్త్ సెంటర్ నర్సు చీవాట్లు పెట్టింది. "పిల్లలది వాడాలమ్మా. ఫ్లోరైడ్ ఉండాలి, మంట ఉండకూడదు. బఠాణీ గింజంత చాలు. రోడెల్ కొట్లో నిన్ననే కొన్నాను ట్యూబు."

అంతే. వానలోనే వెళ్లి కొట్టు ఇనుపజాలీ పట్టుకుని ఊపేసింది జోనలిన్.

"ట్యూబులు లేవన్నావేం కుయా?"

"కుయా అనకు. నేనేం నీ అన్నని కాను," గొణిగాడు రోడెల్. "ట్యూబిస్తే రెండు నెలలు ఇటు రావు. పొట్లమైతే రోజూ వస్తావని..."

"నీ సరదాకి నా పిల్ల పన్ను పుచ్చాలా?"

అతని మొహం పాలిపోయింది. "పాపకా? నీకనుకున్నా జోనా!"

మర్నాడు బాస్కెట్‌బాల్ కోర్టులో ఉచిత దంతవైద్య శిబిరం. డాక్టర్ కుర్చీ చూసి చెస్కా స్తంభాన్ని కరుచుకుపోయింది. ఇంతలో పండక్కి కూడా కొట్టు మూయని రోడెల్ రొప్పుతూ వచ్చాడు, చేతిలో పిల్లల పేస్టు ట్యూబుతో, కాళ్లకి చెరో రంగు చెప్పులతో.

"నువ్వు ముందు కూర్చో," అంది పాప.

ఏడాదిగా భయంతో దాచుకున్న పుచ్చు దవడపన్ను ఉందతనికి. కళ్లు మూసుకుని పీకించుకున్నాడు. అప్పుడు చెస్కా నోరు తెరిచింది.

"ఇప్పుడే మొదలైంది. పన్ను నిలుస్తుంది," అన్నాడు డాక్టర్. "ఆ పిల్లల పేస్టుతోనే రెండుపూటలా తోమించండి."

జోనలిన్ కళ్లొత్తుకుని రోడెల్ వైపు తిరిగింది. "ఇంకేం దాచావు నా దగ్గర?"

నోట్లో దూది. గుండె మీద చెయ్యేసి చూపించాడు.

"అది ఊరందరికీ తెలుసులే. ఆదివారం వచ్చి మా అమ్మని అడుగు. నేను కాదనను."

ఇవాళ శుక్రవారం. రెండు రోజులుగా కొట్టు తెరవలేదు. దవడ బన్నులా వాచిందట. ఆదివారం దాకా అతని గడప తొక్కొద్దని జోనలిన్‌కి అమ్మ ఆంక్ష. అల్లం వేసి కాచిన జావ చల్లారిపోతోంది. జోనలిన్ కిటికీకీ పొయ్యికీ మధ్య తిరుగుతోంది.

మీరు అటు వెళ్తుంటే ఈ గిన్నె పట్టుకెళ్లి, ఆ మనిషి ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి, పుణ్యముంటుంది.