ఏడుపుల దొన

బెజ్జంకి దాటినంక మా ఊరి గుట్ట మీద ఒక దొన ఉంది. రెండు బండల నడుమ నీళ్లు నిలిచే గుంత, అంతే. కానీ తొలకరి పడ్డ రాత్రి తాగినోడు సుత అటు పోడు, దారి మర్లుతడు. గాడ పసిపిల్ల ఏడుస్తది... ఆగి ఆగి, గుక్కపట్టి.

దయ్యమంటే నాకు నవ్వు. మా వదినె సుమిత్రమ్మ ముంగట మాత్రం నవ్వను. ఆమె బిడ్డ తొట్లెల ఏసి పేరు పెట్టకముందే పోయింది. దొన పక్కనే పూడ్చిన్రు. తొలకరి పడితే వదినె చెంగు కప్పుకొని పోయి బండ మీద కూసుంటది. ఏడుపు ఆగినంకనే ఇంటికొస్తది. వద్దంటే, "పిల్ల ఒక్కతే ఉన్నది" అంటది.

పోయినేడు జోయల్ అని ఒకాయన మా ఇంట్ల కిరాయికి దిగిండు. అడవులల్ల ఎవ్వలకు తెల్వని కప్పలను పట్టి, అవి ఏ జాతివో తేల్చి, పేరు పెట్టుడు ఆయన కొలువు. పేరు పెట్టి ఎవలు పిలువాలె వాటిని? అడిగితే నవ్విండు.

తొలకరి నాడు టార్చ్ పట్టుకొని గుట్ట ఎక్కిండు. గాడ ఏమైందో ఆయన చెప్పిందే చెప్తున్న.

ఏడుపు ఇనవడ్డది. మెల్లగ నడిచిండు... దొన కాడ వదినె కూసోని ఉన్నది, కదలకుంట.

"సప్పుడు చెయ్యకు... జడుసుకుంటది," అన్నది గుసగుసగ.

టార్చ్ కొట్టిండు. ఏడుపు టక్కున ఆగింది. నీళ్ల అంచుకు బొటనవేలంత కప్ప. దోసిట్ల పట్టిండు.

"ఇదే అక్కా ఏడ్చేది... కప్ప."

వదినె శానా సేపు చూసిందట. "ఇన్నేండ్లు... గిదేనా?"

"గిదే."

లేచి ఇంటికొచ్చింది. కండ్లల్ల నీళ్లు లేవు. తెల్లారి ఎప్పటి లెక్కనే వాకిట్ల సానుపు జల్లింది. మళ్ల గుట్ట ముఖం చూడలే. పీడ పోయిందనుకున్న నేను, నిజం చెప్పాలంటే సంబురపడ్డ.

కొత్త జాతి అని రాయాలంటే ఒకదాన్ని చంపి సాక్ష్యంగ సీసల పెట్టాలెనట. జోయల్ ఆ పట్టిన కప్పనే గట్ల చేసి హైదరాబాద్ పట్టుకపోయిండు.

మొన్న ఈ యేటి తొలకరి పడుతుంటే ఫోన్ చేసిండు.

"అన్నా... మగ కప్పలే గట్ల అరుస్తయి. ఆడదాని గొంతు కింద అరిచేటప్పుడు ఉబ్బే సంచి ఉండదు."

"అయితే?"

"రాసేందుకు ఇయ్యాల కోసి చూసిన. నేను పట్టింది ఆడది... కడుపు నిండ గుడ్లు." "అప్పుడు దొనంతా ఎతికిన. ఇంకోటి లేకుండె. అక్కకు తప్పు చెప్పిన, అన్నా."

ఎట్లన్న చెప్పాలెనని వదినె ఇంటికి పోయిన. అరుగు మీద కూసోని చింతపండుల గింజలు తీస్తుంది. చూరు నుంచి నీళ్లు కారుతున్నయి.

"వదినె..." అన్న.

అప్పుడే గుట్ట దిక్కు నుంచి ఇనవడ్డది. ఆగి ఆగి... గుక్కపట్టి.

వదినె తలెత్తలే. చేతులు ఆగలే.

"కప్ప," అన్నది.