సాయంత్రం దాకా ఆగిన గులాబీ

“గులాబీయే,” అన్నాడు సుబ్బయ్య, చొక్కా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని.

“గంధపు చెక్క! ఇందాకటి నుంచీ చెబుతున్నా. మీ ముక్కు పోయింది,” అంది ముత్యాలమ్మ.

బ్రిజే వెర్దియేర్ అనే పల్లెలోని ఆ ఇంట రామభజన ముగిసి, వచ్చినవాళ్లు వెళ్లిపోయినా మొగుడూ పెళ్లాల తగువు తెగలేదు. ఆ దీవికి స్వాతంత్ర్యం ఇంకా రాని రోజులవి. చెరకు కోతల నడుమ వచ్చే ఆదివారాలకు అంత తీరిక ఉండేది.

“పన్నీరుకు ఇంత గొడవేమిటి?” అంది సుబ్బయ్య చెల్లెలు నాగమ్మ. “రుక్మిణి అలమరలో సీసా కనిపిస్తే నేనే బుడ్డిలో పోశాను. మీద గులాబీ బొమ్మ ఉంది మరి.”

వాళ్ల కూతురు రుక్మిణి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “అత్తా! అది పన్నీరు కాదు, సెంటు!”

“అయ్యో! ఊరందరి మీదా చల్లేశానే!”

“అందుకేనా పూజారిగారు మాటిమాటికీ భుజం వాసన చూసుకున్నారు!” అని నవ్వాడు సుబ్బయ్య.

రుక్మిణికీ నవ్వొచ్చింది. “మీ ఇద్దరి మాటా నిజమే నాయనా. అమ్మ మీద పొద్దున్నే చల్లారు, మీ మీద ఇందాక. మొదట గులాబీ, కాస్త మిరియంలా చురుక్కుమంటుంది. బస్సు దిగేసరికి పువ్వు వెనక్కి తగ్గి చెక్క ముందుకొస్తుంది. సాయంత్రానికి, చిత్రిక పట్టిన బల్ల మీద ఎండ పడినట్టుంటుంది. అప్పటికది సీసాది కాదు, మన ఒంటిదే.”

“ఏ బస్సు?” అంది ముత్యాలమ్మ.

రుక్మిణి నాలుక్కరుచుకుంది.

శనివారాలు కుట్టుపని నేర్చుకోవడానికి క్యూర్‌పైప్ పట్నం వెళ్లేది. ఒకరోజు ముసురువానకు ఓ సెంట్ల అంగడిలో నిలబడితే, బల్ల వెనక ఉన్న దాసు ఆమె మణికట్టు మీద ఒక్క చుక్క వేశాడు.

“మరీ తీపి,” అంది.

“ఇప్పుడే తీర్పు చెప్పకండి మామ్‌జెల్,” అన్నాడు ఫ్రెంచి మర్యాదతో. “ఇంటికెళ్లి సాయంత్రం చూడండి.”

“నచ్చకపోతే?”

“వచ్చి తిట్టండి.”

మరో శనివారం తిట్టడానికే వెళ్లింది. “మరి నవ్వుతున్నారే?” అన్నాడు దాసు. బయట వాన మొదలైంది. ఇద్దరూ అది ఆగకూడదనుకున్నారు. సీసా అతను తర్వాతెప్పుడో ఇచ్చాడు.

అంతా విని ముత్యాలమ్మ కూలబడింది. “రేపు కాత్ర్ బోర్న్ ఊరి సంబంధానికి సరేనని చెప్పబోతుంటే, ఇప్పుడా చెప్పడం?”

“తొందరపడి అన్నానని తర్వాత బాధపడకూడదని ఆగానమ్మా. ఇప్పుడు నాకు తెలుసు. నేను దాసునే చేసుకుంటాను.”

“ఎవరబ్బాయి?” అన్నాడు సుబ్బయ్య.

“మల్లయ్యగారి అబ్బాయి. తెలుగు బడిలో పాఠం చెప్పే మల్లయ్యగారు.”

సుబ్బయ్య లేచి పెరట్లోకి వెళ్లి చొక్కా చెయ్యి మరోసారి వాసన చూసుకున్నాడు.

అందరూ అన్నాలకు కూర్చున్నాక, కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు. “రేపు కాత్ర్ బోర్న్ వాళ్లకు వద్దని నేనే చెప్పి వస్తాను. అటునుంచి అటే మల్లయ్యగారింటికి. నాగమ్మా, నువ్వూ రా.”