నెమలి ఫ్లాట్‌లో తుప్పు మరక

"కార్పెట్ మీద తుప్పు మరక తీయడం వచ్చా నీకు?" అడిగాడు చీఫ్.

ఏజెంట్ ఉడుత తెల్లబోయాడు. పిస్టలో, పాస్‌పోర్టో ఇస్తారని వచ్చిన మనిషి ముందుకి చీఫ్ నిమ్మకాయలు, ఉప్పు డబ్బా, తెల్లగుడ్డలు, ఒక స్ప్రే బాటిల్ తోశాడు.

"వచ్చు సార్. కానీ ఎక్కడ?"

"నెమలి ఫ్లాట్‌లో."

ఉడుత మొహం మాడిపోయింది. నెమలి అతని భార్య కోడ్ నేమ్. నెల రోజులుగా ఆమె ఒక ఖరీదైన ఫ్లాట్‌లో ఏజెంట్ డేగకి భార్యగా నటిస్తోంది. ఎదురు ఫ్లాట్‌లో ఉండే గడియారాల వ్యాపారి విదేశీ ముఠాకి నాయకుడు. అతనితో స్నేహం పెంచుకోవడం వాళ్లిద్దరి డ్యూటీ. స్నేహం ఎంత ముదిరిందంటే, నిన్న వాళ్ల ఏసీ బాగుచేయడానికి మెకానిక్‌ని పంపింది కూడా ఆ వ్యాపారే.

"నౌకాదళం మ్యాపుల మైక్రోఫిల్మ్ ఇవాళ వ్యాపారి ఒంటి మీదే ఉంటుంది," అన్నాడు చీఫ్. "సాయంత్రం నెమలి వాళ్లింట్లో టీ తాగి, అట్నుంచి అటే ఎయిర్‌పోర్ట్‌కి. టీ దగ్గరే పట్టుకోవాలి. ముందే అనుమానం వస్తే ఫిల్మ్ కాల్చేస్తాడు. సోఫా పక్కన మరక పడింది. మన రేడియో ఇనప పెట్టె అక్కడే ఉండేది. ఆ మరక వాడి కంట్లో పడకూడదు."

"డేగకి గుడ్డ పట్టుకోవడం రాదా సార్?"

"రుద్ది రుద్ది మరకని ఇంకా పెద్దది చేశాడు."

ఆ మాటకి ఉడుతకి కాస్త ప్రాణం లేచొచ్చింది.

క్లీనింగ్ కంపెనీ యూనిఫామ్‌లో వెళ్లి బెల్ కొట్టాడు. సిల్కు డ్రెస్సింగ్ గౌనులో డేగ తలుపు తీశాడు. ఆరడుగుల మనిషి, వెడల్పాటి భుజాలు. కోడ్ నేమ్‌లు పంచినప్పుడు కూడా వాడికి డేగ దక్కింది, తనకి ఉడుత!

"ఏమండీ, ఎవరొచ్చారు?" లోపల్నుంచి నెమలి గొంతు.

ఏమండీ! పెళ్లయిన ఇన్నేళ్లలో తనని "ఇదిగో" అనడమే గాని, ఒక్కసారైనా ఏమండీ అనలేదు. చెవులకి ముత్యాలు, కొత్తగా కత్తిరించిన జుట్టుతో ఆమె బయటికొచ్చింది. వస్తూనే డేగ కాలర్ సర్దింది. ఉడుత సామాన్ల సంచి ధడేల్మని కింద పెట్టాడు.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. మరక అరచేయంత ఉంది.

"బ్లీచింగ్ పోస్తే పోదూ?" డేగ సలహా ఇచ్చాడు.

"పోస్తే మరక కార్పెట్‌కి పట్టేసి ఇక జన్మలో పోదు సార్." ఆ ‘సార్’ని పళ్ల మధ్య నలిపి మరీ వదిలాడు.

మరక మీద ఉప్పు చల్లి, నిమ్మరసం పిండి నాననిచ్చాడు. డేగ వంటింట్లోకి వెళ్లగానే భార్యని గొణుగుతూ అడిగాడు.

"రాత్రుళ్లు వాడెక్కడ పడుకుంటాడు?"

"సోఫాలో. నోర్మూసుకుని పని చూడు."

"మరి ఆ జుట్టు ఎవరి కోసం?"

ఆమె విసురుగా కిటికీ వైపు వెళ్లిపోయింది. అతను రుద్దకుండా తెల్లగుడ్డతో అద్దాడు. తుప్పు గుడ్డకి ఎక్కింది. చన్నీళ్లు చల్లి మళ్లీ అద్దాడు. మరక పలచబడింది. కాసేపటికి తడి ఆరుతుంటే అదే ఎరుపు మళ్లీ పైకి తేలింది. మిగిలిన నిమ్మరసం స్ప్రే బాటిల్ నీళ్లలో కలిపి రెండోసారి చేశాడు. మళ్లీ తేలింది.

పైనుంచి పడిన మరక కాదిది. కిందనుంచి ఊరుతోంది!

కార్పెట్ అంచు పట్టుకుని లేపాడు. అడుగున సీసా మూతంత ఇనప బిళ్ల, దానికో సన్నటి తీగ. మైక్! నిన్న వ్యాపారి పంపిన ఏసీ మెకానిక్ పనే ఇది. ఏసీ నీళ్లు కారి కార్పెట్ నానింది, బిళ్ల తుప్పెక్కింది.

అంటే ఇందాక తను గొణిగిందంతా ఎదురు ఫ్లాట్ చెవిలో పడింది. వీళ్లు మొగుడూ పెళ్లాలు కారని వ్యాపారికి తెలిసిపోయింది!

ఉడుత పెదాల మీద వేలుంచి బిళ్ల చూపించాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ డేగ మొహంలో నెత్తురు చుక్క లేదు. గదిలో చడీచప్పుడు లేదు. ఆ నిశ్శబ్దమే వాళ్లని పట్టిచ్చేలా ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి. ఉడుత కడుపులో ఏముందో అదే నోట్లోంచి తన్నుకొచ్చింది.

"సొంత పెళ్లాన్ని చూడ్డానికి కార్పెట్ వాడి వేషం వేసుకుని రావాలా నేను? ఎవడో పొడుగ్గా ఉన్నాడని నన్నొదిలేసి వీడితో కాపురమా? వీడైతే ఏమండీ! వీడికైతే కాలర్ సర్దడం! నాతో బజారుకొస్తే సంచులన్నీ నా చేతికిచ్చి ముందు నడిచిపోతావు!"

నెమలి చటుక్కున అందుకుంది. "అరవకు! నా జుట్టు ఇవాళ కనపడిందా నీకు? ఇంట్లో ఎన్నిసార్లు మార్చుకున్నాను? ఒక్కసారైనా తలెత్తి చూశావా?"

ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఇది నటనలో భాగం కాదని ఉడుతకి తెలిసింది.

"చూడండి, నేను..." డేగ మొదలెట్టాడు.

"నువ్వు మాట్లాడకు!" అరిచాడు ఉడుత. ఆ ఒక్క అరుపుతో నెల రోజుల బరువు దిగింది.

బెల్ మోగింది. చేతిలో సూట్‌కేస్‌తో వ్యాపారి. నెరిసిన జుట్టు, మెత్తటి నవ్వు. దొంగకాపురం గొడవే తప్ప మరేం లేదనుకుని నిశ్చింతగా లోపలికొచ్చాడు.

"అరుపులు వినపడ్డాయి. కూర్చో తమ్ముడూ, కాస్త టీ తాగు."

కప్పు అందుకుంటుండగా అతని చూపు మడతపడిన కార్పెట్ అంచు మీద పడింది. నవ్వు ఆగిపోయింది. తాపీగా కప్పు కిందపెట్టి, జేబులోంచి సిగరెట్ తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. లైటర్ వెలిగింది.

"ఈయన సిగరెట్ తాగడు!" కేకేసింది నెమలి.

మంట సిగరెట్ కొసని తాకబోతుండగా ఉడుత స్ప్రే బాటిల్ నొక్కాడు. నిమ్మనీళ్లు ధారగా వ్యాపారి మొహాన పడ్డాయి. లైటర్ ఆరిపోయింది. డేగ అతని చేతులు వెనక్కి విరిచాడు. తడిసిన సిగరెట్‌ని నెమలి చీల్చింది. పొగాకు మధ్య చుట్టచుట్టిన ఫిల్మ్!

ఎయిర్‌పోర్ట్‌లో కాపుగాసిన చీఫ్ వచ్చేలోగా ఉడుత మరక సంగతి చూశాడు. కింద ఇనప బిళ్ల పీకేసేసరికి ఈసారి బుద్ధిగా పోయింది.

"ఏం నటించావయ్యా!" అని ఉడుత వీపు తట్టి, చీఫ్ వెళ్లి డేగని కౌగలించుకున్నాడు. పక్కనే నెమలి నవ్వుతూ నిలబడింది.

సంకెళ్లేసిన వ్యాపారిని గుమ్మం దాకా తీసుకెళ్లే పని ఉడుతకి పడింది. నిమ్మరసానికి ఎర్రబడ్డ కళ్లతో అతను ఆగాడు.

"మీరు ఏజెంట్లే, ఒప్పుకున్నాను. కానీ నువ్వు అరిచింది నటన కాదు తమ్ముడూ. మా పైవాళ్లూ నా భార్యని ఒక అందగాడికి జోడీగా పంపారు. ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు."

ఉడుత వెనక్కి తిరిగి చూశాడు. చీఫ్ ఇంకా డేగని వదల్లేదు. ఆ గదిలో తన కడుపుమంట అర్థమైంది ఈ దేశశత్రువు ఒక్కడికే!

ఎవరూ చూడకుండా అతని సంకెళ్లు కాస్త వదులు చేశాడు.