కుక్కపిల్ల అల్లుడు

డాక్టరు కోసం గుర్రాలశాలలోకి వెళ్ళిన ఎర్బోల్‌కి ఒకమ్మాయి కనిపించింది. ఈనబోతున్న గుర్రం వెనక మోకాళ్ళమీద కూర్చుని ఉంది.

“అమ్మాయ్, డాక్టరుగారెక్కడ? బోరు మోటారు చూడమని పిలిచారు.”

“ముందా తోక పట్టుకో. తర్వాత చెప్తాను.”

గంటసేపు పట్టుకున్నాడు. పుట్టిన పిల్ల లేవబోయి మూడుసార్లు కూలబడి నాలుగోసారి నిలబడ్డాక, ఆమె చేతులు కడుక్కుంటూ డాక్టర్ని తనేనంది. పేరు రౌషాన్. చుట్టుపక్కల నాలుగూళ్ళ పశువులకూ ఆమే దిక్కు.

ఆ వేసవిలో ఆ మోటారు ఐదుసార్లు చెడిపోయింది. రెండుసార్లు నిజంగానే. ఎర్బోల్ ఉండే షిమ్‌కెంట్ పట్నం నుంచి మూడు గంటల దారి. ఐదోసారి రౌషాన్ తండ్రి సేరిక్ పులిసిన గుర్రప్పాల గిన్నె అందిస్తూ, బాగున్నదాన్ని అన్నిసార్లు విప్పితే నిజంగానే పాడవుతుంది నాయనా అన్నాడు. ఎర్బోల్ చెవులు ఎర్రబడ్డాయి. రౌషాన్ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

ఆ సాయంత్రమే పెళ్ళి మాటెత్తాడు. తమ ఇల్లు పెద్దదన్నాడు. పట్నంలోనూ పశువుల ఆసుపత్రులున్నాయన్నాడు.

“పట్నంలో కుక్కలూ పిల్లులూ. ఇక్కడ గుర్రాలకెవరు? నువ్వే వచ్చెయ్.”

ఎర్బోల్ నవ్వాడు. ఆమె నవ్వడం లేదని కాసేపటికి గాని గమనించలేదు.

“అత్తారింట్లో ఉండేవాణ్ణి కుక్కపిల్ల అల్లుడంటారు. తెలుసుగా?”

“తెలుసు. మరి నేనొస్తే నన్నేమంటారు?”

ఆలోచించాడు. “కోడలంటారు.”

“అంతేగా. నువ్విల్లు వదిలితే ఎగతాళి, నేను వదిలితే ఆచారం.”

కోపంగానే వెళ్ళిపోయాడు. రెండు నెలలు మోటారు చెడలేదు. కానీ ఆ మాట మాత్రం అతన్ని వదల్లేదు. ఒకరోజు తల్లి జిబెక్ రొట్టె తుంచుతుంటే, ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నీకెలా ఉండేదని అడిగాడు.

జిబెక్ చేతులు ఆగాయి. “ఇన్నేళ్ళకి నువ్వడిగావు. మీ నాన్న కూడా అడగలేదు.”

తర్వాత అతను రౌషాన్ సంగతీ, తనే ఆ ఊరు వెళ్ళి ఉండాలనుకుంటున్న సంగతీ చెప్పాడు. ఆమె వారంరోజులు మాట్లాడలేదు. చుట్టాలేమంటారోనని ఏడ్చింది. ఎనిమిదోరోజు, ఆ పిల్లని నేను చూడాలి, పద అంది.

అక్కడ సేరిక్ వాళ్ళని లోపల కూర్చోబెట్టాడు. కోడల్ని తీసుకుపోవడానికి వచ్చేవాళ్ళతో అనాల్సిన మాటలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కొడుకుని ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో అనాల్సిన మాటలు ఎవరూ నేర్పలేదు. టీ పోస్తూ ఉండిపోయాడు. గుమ్మం దగ్గర పొరుగువాడొకడు భౌభౌమన్నాడు. ఎర్బోల్ అతనికి నమస్కారం పెట్టి, మీ మోటారేమైనా చెడిందా మామా, ఇకపైన ఇక్కడే ఉంటాను అన్నాడు.

జిబెక్ లేచి కొడుకు చెయ్యి పట్టుకుని రౌషాన్ చేతిలో పెట్టింది.

“ఉప్పు ఎక్కువైతే తినడు. అలిగితే నోరు విప్పడు. ఒక్కగానొక్కడు, నీకప్పగిస్తున్నా. కనీసం కొత్తేడాది నౌరీజ్ పండక్కైనా పంపించు తల్లీ.”

“పండక్కేమిటత్తయ్యా, నెలనెలా వస్తాడు. నేనూ వస్తాను.”

“నెలనెలానా?” జిబెక్ కిటికీ వైపు తిరిగింది. “ముప్పై ఏళ్ళలో నేను మా అమ్మ దగ్గరికి మూడుసార్లే వెళ్ళాను.”

రౌషాన్ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.