నూరు స్తంభాల కింద గొంతు

ఇరాన్ పాత రాజులు కట్టిన తఖ్తె జంషీద్ శిథిలాల్లో నూరు స్తంభాల మండపం ఉంది చూశారూ, పొద్దు వాలాక అటు ఎవరూ వెళ్లరు. సికందర్ తగలబెట్టిన రాత్రి కాలిపోయినవాళ్లు ఇంకా ఆ రాతి పలకల కింద మూలుగుతున్నారట.

తవ్వకాలకని టెహ్రాన్ నుంచి దిగిన కళ్లజోడు అధికారికి ఈ మాట వింటేనే ఒళ్లుమంట. వేల ఏళ్ల కిందటి రాజులు ఏం తిన్నారో చెప్పగల మేధావి ఆయన. ఎదుటి కూలివాడు తిన్నాడో లేదో మాత్రం తెలీదు.

"ఇంకోసారి దెయ్యం అన్నావా, ఆ తుపాకీ పీకి నీ బావమరిదికిస్తా" అన్నాడు కాపలాదారు సఫ్దర్‌తో.

సఫ్దర్‌కి ఆ తుపాకీయే ప్రాణం. అది భుజాన లేకపోతే ఊళ్లో అతనికి సలాం కొట్టే నాథుడు లేడు. ఇంట్లో పెళ్లామైనా లెక్కచేయదు.

గురువారం రాత్రి. చలి కొరికేస్తోంది. సఫ్దర్ మండపం మధ్య చాయ్ కాచుకుంటున్నాడు. అప్పుడు...

టక్... టక్...

కాళ్ల కిందే!

"ఓయ్... ఎవరన్నా ఉన్నారా... నీళ్లు..."

అక్కణ్నుంచి కిందికి దిగే మెట్లు గుర్రాలు కూడా ఎక్కేలా కట్టినవి. మన వీరుడు వాటిని ఎలా దిగాడో ఆ గుర్రాలకే తెలియాలి.

తెల్లారింది. "రాత్రి ఏమన్నా వినపడిందా?" అన్నాడు కళ్లజోడాయన.

"ఏం లేదండీ. గాలి కూడా లేదు."

"చూశావా! చదువు లేకపోబట్టి మీకు దెయ్యాలు" అని ఆయన నవ్వాడు. సఫ్దర్ కూడా నవ్వాడు, సిగ్గు లేకుండా.

శుక్రవారం రాత్రి చెవుల్లో దూది కుక్కుకుని, దుప్పటి ముసుగుపెట్టి కూర్చున్నాడు. అయినా ఆ చప్పుడు రాయిలోంచి ఎముకల్లోకి ఎక్కుతోంది.

"సఫ్దర్..."

పేరు పెట్టి పిలిచింది! "బిస్మిల్లా!" అని అరిచాడు. ఆ మాటకి జిన్నులు పారిపోవాలి. కిందనుంచి ఆ గొంతూ ఏడుస్తూ అదే మాట అంది— "బిస్మిల్లా..."

జిన్ను ఆ మాట అంటుందా? ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ పలక కదిపితే, ఎందుకు కదిపావో తెల్లారి చెప్పుకోవాలి. తుపాకీ పోతుంది. దూది ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు.

కాసేపటికి గొంతు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాడు, దౌర్భాగ్యుడు.

తెల్లవారుజామున, తవ్విపోసిన మట్టికుప్ప కదిలింది. ఒక చెయ్యి... తల... నిలువెల్లా తెల్లబట్టలు! సఫ్దర్ తుపాకీ ఎత్తాడు. వేలు వంగలేదు.

"కాల్చు. కఫన్ నేనే కట్టుకొచ్చాను" అంది ఆ ఆకారం.

బెమూనలీ! యజ్ద్ నుంచి వచ్చిన బావులు తవ్వే ఉస్తాద్. భూమిలోకి దిగేటప్పుడు వాళ్లు తెల్లబట్టలే కడతారు, మట్టి కూలితే శవానికి చుట్టే కఫన్ అవే. మండపం కింద ఎప్పుడో ఎండిపోయిన పాత నీటికాలువ శుభ్రం చేయడానికి గురువారం సాయంత్రం దిగాడు. ఆయన లోపలున్నాడని చూసుకోకుండా కూలీలు కంత మీద మట్టి కుమ్మరించి ఇళ్లకి పోయారు. శుక్రవారం కూలీలకి సెలవు. వెతికే దిక్కు లేదు.

"ఉస్తాద్... నువ్వా! దెయ్యం అనుకున్నాను, ఒట్టు..."

బెమూనలీ అతని పక్కనున్న కూజా లాక్కుని గటగటా తాగాడు. మట్టి ఉమ్మేశాడు. సఫ్దర్‌ని కిందనుంచి పైదాకా చూశాడు.

"మొహర్రం వస్తే, కర్బలాలో దాహంతో పోయినవాళ్ల కోసం గుండెలు బాదుకునేది నువ్వే కదరా! దెయ్యమే అనుకో... నీళ్లడిగితే ఇవ్వకూడదా?"