న్యాయంగా వినిపించే మిషన్

"కదలకండి గట్టయ్య గారూ," అంటూ డాక్టర్ ఇందుమతి ఆయన రెండు చెవుల్లో చిక్కుడు గింజంత మిషన్లు బిగించింది.

గట్టయ్యకు చూపు పోయి పన్నెండేళ్లు. బొల్లారం రేంజర్స్ ఫుట్‌బాల్ ఆట ఆయనకు కామెంటరీలోనే కనపడాలి. కొడుకు శ్రీశైలం ఆ జట్టు గోల్‌కీపర్. ఇంకేం, కామెంటేటర్ నోరు విప్పితే చాలు ఈయనకు ఒళ్లు మండిపోయేది. "మావోడు ఆపితే అదృష్టమంటడు, అవతలోడు ఆపితే తెలివంటడు!" అని ఊరంతా టాంటాం చేశాడు. మిగతా అభిమానులూ వంత పాడారు, మొత్తం నలభై మంది.

కామెంటరీలో పక్షపాతం తీసేసి వినిపించే మిషన్ ఇది. మరి న్యాయమంటే ఏమిటో దానికి నేర్పాలిగా? ఇందుమతి ఆ నలభై మందినే కూర్చోబెట్టి, పాత కామెంటరీలు వినిపించి, ఏ మాటకు వాళ్ల నాడి ఎగిరిందో దానికి నేర్పించింది. ఫిర్యాదు చేసినవాళ్లనే జడ్జీలను చేసింది, మహాతల్లి! ఇక మిషన్ పని తేలిక. నాడి ఎగరబోయే మాట ఎవరు అన్నా సరే, దాన్ని మింగేసి, అదే గొంతుతో నాడి కుదుటపడే మాట వినిపిస్తుంది.

ఆదివారం ఆట. గట్టయ్య కోడలితో స్టేడియం గ్యాలరీలో కూర్చున్నాడు. డెబ్బయ్యో నిమిషంలో అవతలి ఆటగాడి మోకాలు శ్రీశైలం తలకు తగిలింది. పడ్డవాడు మళ్లీ కదల్లేదు. స్టేడియమంతా మూగబోయింది.

గట్టయ్య చెవుల్లో మాత్రం, "అద్భుతం! శ్రీశైలం బంతి పట్టేశాడు!"

ఆయన లేచి చప్పట్లు కొట్టాడు. అంత పెద్ద మైదానంలో ఆ ఒక్క చప్పుడే వినిపించింది.

"మామా, ఆయన లేస్తలేడు! మీరు పిలిస్తే కండ్లు తెరుస్తడేమోనంటుండ్రు, నడువుండ్రి!" కోడలు స్వరూప ఏడుస్తూ చెయ్యి గుంజింది.

ఆయనకు ఆమె గొంతే వినిపించింది. "మామా, ఆయన లేచిండు! నవ్వుతుండు!"

"నాకు తెల్వదా బిడ్డా!" అంటూ ఆమె తల నిమిరాడు.

స్వరూపకు సంగతి అర్థమైంది. మిషన్లు పీకేసి, జరిగింది మళ్లీ చెప్పింది. అప్పుడే స్టేడియం మైకులో కామెంటేటర్ గొంతు వినిపించింది. "శ్రీశైలం లాంటి కీపర్‌ని నేను చూడలేదు. లేవయ్యా... ఒక్కసారి లేవయ్యా..."

గట్టయ్య ముఖం కందగడ్డ అయింది.

"మల్ల మొదలువెట్టిండు! మావోడంటే వీనికి ఎన్నడూ గిట్టదు. నువ్వు గూడ వీని మాటే నమ్ముతవా? లేచిండని ఇప్పుడేగా నీ నోటితోనే చెప్పినవ్!"

కిందనుంచి అంబులెన్స్ హారన్ రెండుసార్లు మోగింది. గట్టయ్య కోడలి గుప్పిట్లోంచి మిషన్లు లాక్కుని, ఒకటి తర్వాత ఒకటి చెవుల్లో పెట్టుకున్నాడు.