పాత బ్రౌజర్ పేరుతో వచ్చిందెవరు?

బుధవారం మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలకు దొంగతనం బయటపడింది.

పోయింది ఒక నవల. పెద్ద రచయిత్రి చివరి నవల. అంధుల కోసం నడిచే ఆ ఆడియో గ్రంథాలయానికే మొదట ఇవ్వమని ఆవిడ వీలునామాలో రాసి కన్నుమూసింది. విడుదల ఆదివారం. ఈలోగానే పదమూడు గంటల రికార్డింగూ ఊరూపేరూ లేని ఒక సైట్‌లో ప్రత్యక్షమైంది.

రెండు నలభైకి సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. డైరెక్టర్ ఆమెను కూర్చోమనడం కూడా మరిచిపోయాడు. సర్వర్ లాగ్ ముందుకు తోశాడు.

“దొంగ దొరికేసింది మేడమ్. ఐదింటికల్లా ఉద్యోగం నుంచి తీసేస్తున్నాను. మీరు అరెస్ట్ చేస్తే చాలు.”

“నా పని కూడా మీరే చేసేశారన్నమాట. ఎవరు?”

“వదిన.”

“మీ వదినా?”

“కాదు, మా ప్రూఫ్‌రీడర్. సౌండ్ ఇంజనీర్‌కి సొంత వదిన. అతని పిలుపు విని ఆఫీసంతా అలాగే పిలుస్తాం.”

ఇన్‌స్పెక్టర్ లాగ్ చూసింది. ఉదయం 11.20కి నవల డౌన్‌లోడ్ అయింది. ఆఫీసు నెట్‌వర్క్. వదిన లాగిన్, వదిన పాస్‌వర్డ్. బ్రౌజర్ పేరు దగ్గర ఏడేళ్ళ నాటి వెర్షన్.

“అంత పాత బ్రౌజర్ వాడేది ఇక్కడ ఆవిడొక్కతే,” అన్నాడు డైరెక్టర్.

వదిన గది వరండా చివర ఉంది. యాభై దాటిన మనిషి. చూపు లేదు. ఆమె వేళ్ళ కింద బ్రెయిలీ పలక. తెర మీది అక్షరాలు దానిమీద చుక్కలై పైకి లేస్తాయి.

“పదకొండు ఇరవైకి ఎక్కడున్నారు?”

“ఈ కుర్చీలోనే.”

“గ్రంథాలయం సైట్‌లో ఉన్నారా?”

“పొద్దున తొమ్మిదిన్నర నుంచి సైటే తెరుచుకోలేదమ్మా. ఎన్నిసార్లు నొక్కినా ఒకటే మాట. ‘నమ్మదగింది కాదు’ అని. కనెక్షన్ గురించి అనుకున్నాను. నా గురించేనని ఇప్పుడు తెలిసింది.”

“ఎవరికైనా చెప్పారా?”

“తాళాలాయనకి చెప్పాను. సోమవారం చూస్తానన్నాడు. సరేలెమ్మని కాగితం ప్రూఫులు ముందేసుకున్నాను.”

తాళాలాయన అంటే సర్వర్ చూసే మనిషి. అందరి పాస్‌వర్డ్‌ల గొడవా అతనిదే. అందుకే ఆ పేరు.

“కొత్త బ్రౌజర్ పెట్టుకోవచ్చుగా?”

“కొత్తవాటితో ఈ పలక పలకదు. దీన్ని చేసిన కంపెనీయే మూతపడింది.” వదిన పలకను ఒకసారి తడిమింది. “కళ్ళు పోయినప్పుడు కూడా ఇంత భయపడలేదమ్మా. ఈ పని పోతే నా వేళ్ళు కూడా గుడ్డివైపోతాయి.”

గుమ్మంలో డైరెక్టర్ నవ్వాడు. “విన్నారా మేడమ్? అందరికీ తెరుచుకున్న సైటు ఈవిడొక్కదానికే తెరుచుకోలేదట!”

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో ‘ఒక్కదానికే’ అని రాసి కింద గీత గీసింది. తన ఫోన్‌లో గ్రంథాలయం సైట్ తెరిచి, అడ్రస్ పక్కనున్న తాళం గుర్తు నొక్కింది. సైట్ అసలైనదేనని చెప్పే సెక్యూరిటీ సర్టిఫికెట్ తెరుచుకుంది. చదివింది. ఫోన్ జేబులో పెట్టుకుంది.

మూడు ఇరవై ఐదు. సర్వర్ గది.

“సెక్యూరిటీ సర్టిఫికెట్ ఎప్పుడు మార్చారు?”

“శుక్రవారం మారుస్తాను మేడమ్. అదిగో, గోడమీద సర్క్యులర్.” ఏసీ చల్లగానే ఉంది. తాళాలాయన మాత్రం చెమట తుడుచుకుంటున్నాడు.

“మరి నా ఫోన్‌లో ఇవాళ్టి తేదీ ఎందుకుంది? జారీ అయింది ఉదయం తొమ్మిది పదికి.”

తాళాలాయన గది తలుపు దగ్గరికి వేశాడు.

“శుక్రవారం నాకు సెలవు కావాలి. అడిగితే డైరెక్టర్ గారు ఇవ్వరు. అందుకని ముందే మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు.”

“దాంతో వదిన గారి బ్రౌజర్‌కి ఏమవుతుంది?”

“ఈ సర్టిఫికెట్ ఇచ్చింది కొత్త సంస్థ. పాత బ్రౌజర్‌కి ఆ సంస్థ ఎవరో తెలియదు. తెలియని సంతకాన్ని అది ఒప్పుకోదు. లోపలికి వెళ్ళనివ్వదు.”

“పర్వాలేదు, వెళ్తాను అని నొక్కితే?”

“మన సైట్‌కి ఆ వీల్లేకుండా చేశాం.”

“ఇంత తెలిసీ, ఆవిడ మీద నింద పడుతుంటే నోరు మెదపలేదు.”

అతను నేల చూశాడు. “ఉద్యోగం మేడమ్.”

“ఆవిడదీ ఉద్యోగమే.”

మూడు యాభైకి ఇన్‌స్పెక్టర్ సౌండ్ ఇంజనీర్ గదిలో ఉంది. అతను లేచి నిలబడి కుర్చీ వేశాడు.

“మా వదిన చాలా మంచిది మేడమ్. ఏదో బుద్ధి గడ్డి తిని చేసుంటుంది. కళ్ళు లేని మనిషి, వదిలేయండి.”

“చేసిందని మీరూ అంటున్నారా?”

“నేను కాదు, లాగ్ అంటోంది.”

“మీ తెరమీద ఈ చిన్న పెట్టె ఏమిటి?”

“బ్రౌజర్ పేరు మార్చే టూల్. వదిన కోసం బొమ్మలు లేని పేజీ ఒకటి విడిగా చేశాను. పాత బ్రౌజర్ పేరు కనబడితే సైట్ ఆ పేజీ ఇస్తుంది. అది సరిగ్గా ఉందో లేదో ఇక్కణ్ణుంచే చూసుకుంటాను.”

“ఓపికగా చేశారు. ఈ మిషన్ కాసేపు మావాళ్ళు చూస్తారు.”

అతని నవ్వు సగంలో ఆగింది.

నాలుగున్నరకు అందరూ వదిన గదిలో చేరారు.

“సైట్ తెరవండి,” అంది ఇన్‌స్పెక్టర్.

చుక్కలు లేచాయి. వదిన వేలితో చదివింది. “కనెక్షన్ నమ్మదగింది కాదు.”

“ఇవాళ తొమ్మిది పది తర్వాత ఈ బ్రౌజర్ సైట్‌లో అడుగు పెట్టలేదు. పెట్టడం దానివల్ల కాదు కూడా.”

“మరి లాగ్‌లో ఉందిగా!” అన్నాడు డైరెక్టర్.

“లాగ్‌లో ఉన్నది బ్రౌజర్ కాదు, దాని పేరు. గేటు దగ్గర రిజిస్టర్ లాంటిది. వచ్చినవాడు ఏ పేరు చెబితే సర్వర్ అదే రాసుకుంటుంది. ఈ పేరు చెప్పి వచ్చింది కొత్త బ్రౌజర్. అందుకే లోపలికి రాగలిగింది.”

ఆమె తాళాలాయన వైపు తిరిగింది.

“తాళాలాయనకి ఈ పేరుతో ఇవాళ ఎవరూ రాలేరని తెలుసు. ఆయనైతే ఈ పేరు వాడడు. డైరెక్టర్ గారికి బ్రౌజర్ పేరు మార్చడం…”

“రాదు,” అన్నాడు డైరెక్టర్ నీరసంగా.

“మిగిలింది ఒక్కరే. శుక్రవారం దాకా పాత సర్టిఫికెట్టే ఉంటుందని సర్క్యులర్‌ని నమ్మిన మనిషి.”

సౌండ్ ఇంజనీర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఆ టూల్ టెస్టింగ్ కోసం…”

“పదకొండు ఇరవైకి మీరు పేరు మార్చినట్టు మీ మిషన్‌లోనే ఉంది. ఫైలు బయటికి పంపిన గుర్తూ ఉంది.”

వదిన మొహం అతని గొంతు వైపు తిరిగింది.

“నా పాస్‌వర్డ్ పెట్టిచ్చింది నువ్వే కదయ్యా.”

“నవల ఇస్తే పెద్ద స్టూడియోలో తీసుకుంటామన్నారు వదినా. నీకు కళ్ళు లేవు, పోలీసులు నిన్నేం చేయర్లే అనుకున్నాను.”

“అంటే నా మీద జాలితోనే నింద వేశావన్నమాట.”

నాలుగు యాభై ఐదుకు కానిస్టేబుల్స్ అతన్ని తీసుకెళ్ళారు.

తాళాలాయన అడక్కుండానే స్టూలు లాక్కుని వదిన మిషన్ ముందు కూర్చున్నాడు. కొత్త సంస్థను ఆ పాత బ్రౌజర్‌కి పరిచయం చేయడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఈసారి సైట్ తెరుచుకుంది.

“ముందు పాస్‌వర్డ్ మార్చుకోండి వదినా,” అన్నాడు నెమ్మదిగా.

వదిన వేళ్ళు కీబోర్డ్ మీదికి వెళ్ళి ఆగిపోయాయి. ఏమీ అడగలేదు. తల మాత్రం కొంచెం వంచి, గదిని వింటోంది.

ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. తన కుర్చీని, నేలమీద గట్టిగా చప్పుడయ్యేలా, గోడవైపు తిప్పుకుంది. డైరెక్టర్ ఆమెను చూసి తన కుర్చీ తిప్పాడు. తాళాలాయన స్టూలు కూడా కిర్రుమంది.

మూడు చప్పుళ్ళూ లెక్కపెట్టుకున్నాక వదిన టైపు చేయడం మొదలుపెట్టింది.